స్పెయిన్ బాటల్లో వాషింగ్టన్ ఇర్వింగ్

రిప్ వాన్ వింకిల్ కథ మనలో చాలామంది హైస్కూలు రోజుల్లోనే విన్నాం. కొండమీద పడుకుని ఇరవై ఏళ్ళ తర్వాత నిద్రలేచి, గడ్డం బారెడు పెరిగి, తన ఊళ్ళో తనే పరాయివాడైపోయిన అమాయకుడి కథ అది. ఐతే ఆ కథ రాసిన వాషింగ్టన్ ఇర్వింగ్ స్పెయిన్ దేశంలో ఏళ్ళ తరబడి వున్నాడనీ, అక్కడి పాత పట్టణాల మధ్య గుర్రం మీద తిరిగాడనీ, శిథిలమవుతున్న ఒక కోటలో కాపురమే పెట్టి దాన్ని ప్రపంచానికి మళ్ళీ చూపించాడనీ తెలిసినవాళ్ళు తక్కువ. నేను సైన్సు విద్యార్థిని. వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాణ్ణి. సాహిత్యం గురించి పెద్దలు రాయవలసిన చోట నేను రాయడం సాహసమే. కాని ఆయన జీవితం చదివాక నాకు ఆయన మీద ఎంతో గౌరవమూ, దానితోపాటు ఒక చిన్న తగాదా కూడా ఏర్పడ్డాయి. ఆ రెండూ మిత్రులతో చెప్పుకోవాలని యీ నాలుగు మాటలు.

ఓడిపోయిన వర్తకుడు

ఇర్వింగ్ 1783 ఏప్రిల్ 3న న్యూయార్క్‌లో జన్మించాడు. తండ్రి స్కాట్లాండుకు ఉత్తరాన వున్న ఆర్క్నీ దీవుల నుంచి వలస వచ్చిన వర్తకుడు. పదకొండుమంది సంతానంలో ఇతడే కడగొట్టువాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిసిన సంవత్సరమది. అందుకని తల్లిదండ్రులు ఆ యుద్ధనాయకుడు జార్జి వాషింగ్టన్ పేరే బిడ్డకు పెట్టుకున్నారు. చదివింది లా. కాని కోర్టు మీద ఆయనకు మనసు నిలవలేదు. పత్రికలకు హాస్యరచనలు రాస్తూ, నాటకాలు చూస్తూ, హడ్సన్ నదీతీరం వెంట తిరుగుతూ కాలం గడిపాడు.

1809లో రెండు సంఘటనలు జరిగాయి. పెళ్ళి చేసుకుందామనుకున్న మెటిల్డా హాఫ్‌మన్ అనే అమ్మాయి పదిహేడేళ్ళకే క్షయవ్యాధితో చనిపోయింది. అదే సంవత్సరం న్యూయార్క్ చరిత్రను వెక్కిరిస్తూ ఆయన రాసిన పుస్తకం వెలువడి పేరు తెచ్చింది. పేరైతే వచ్చింది గాని మనిషి లోపల ఖాళీ అయిపోయాడు. ఆ తర్వాత ఆయన జీవితాంతం పెళ్ళి చేసుకోలేదు.

1815లో అన్నదమ్ముల వ్యాపారం చూడడానికి ఇంగ్లండులోని లివర్‌పూల్ వెళ్ళాడు. ఆ వ్యాపారం నష్టాల్లో కూరుకుపోయి 1818లో దివాలా తీసింది. పంట పోయి అప్పు మిగిలిన ఇల్లు ఎలా వుంటుందో మాబోటి వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ముప్ఫయి అయిదేళ్ళ వయసులో చేతిలో ఏమీ లేక ఇర్వింగ్ కలం పట్టుకున్నాడు. 1819, 1820 సంవత్సరాల్లో భాగాలుగా వచ్చిన స్కెచ్ బుక్‌లోనే రిప్ వాన్ వింకిల్ కథా, తల లేని రౌతు గుర్రం మీద తరుముకొచ్చే స్లీపీ హాలో కథా వున్నాయి. కలం మీద బతికిన మొదటితరం అమెరికన్ రచయితల్లో ఆయన ముఖ్యుడంటే అతిశయోక్తి కాదు. ఐతే 1824లో వచ్చిన కథల పుస్తకాన్ని విమర్శకులు చీల్చి చెండాడారు. మళ్ళీ నిరుత్సాహం. మళ్ళీ డబ్బు ఇబ్బంది.

మాడ్రిడ్ నుంచి పిలుపు

అలాంటి సమయంలో, 1826 ఆరంభంలో, మాడ్రిడ్‌లోని అమెరికా రాయబారి అలెగ్జాండర్ ఎవరెట్ నుంచి పిలుపు వచ్చింది. కొలంబస్ యాత్రలకు సంబంధించిన పాత పత్రాలను నవరేటే అనే స్పానిష్ పండితుడు అచ్చు వేయిస్తున్నాడు, వాటిని ఇంగ్లీషులోకి అనువదించాలి, ఇదీ పని. ఇర్వింగ్ అన్నగారు పీటర్‌తో కలిసి బయలుదేరాడు. మాడ్రిడ్‌లో అమెరికా కాన్సల్‌గా వున్న ఒబదయా రిచ్ గొప్ప పుస్తక ప్రియుడు. ఆయన ఇల్లే ఒక గ్రంథాలయం. అక్కడ బసచేసి పాత పత్రాలు తిరగేస్తూ వుంటే, అనువాదం కంటే కొలంబస్ జీవితచరిత్రను తానే రాయడం మేలని ఇర్వింగ్‌కు తోచింది. రెండేళ్ళ శ్రమ తర్వాత 1828లో ఆ పుస్తకం వెలువడింది. అమ్ముడూ పోయింది.

అదే సంవత్సరం మార్చి 1న మాడ్రిడ్ విడిచి దక్షిణాన ఆండలూషియా ప్రాంతానికి బయలుదేరాడు. కార్డోబా, గ్రనడా, మాలగా, రోండా, జిబ్రాల్టర్, కాడిజ్ చూసుకుంటూ ఏప్రిల్ నెల మధ్యలో సెవిల్ నగరం చేరాడు. మాడ్రిడ్ నుంచి కార్డోబాకు బండి దారి వుంది. అక్కడి నుంచి కొండదారుల్లో చాలా భాగం గుర్రాల మీద, కంచరగాడిదల మీద వెళ్ళవలసిందే. దేశాన్ని ఆ విధంగా చూసిన తర్వాత ఆయన ఇక మామూలు గ్రంథాలయపు రచయితగా మిగలలేదు.

గుర్రం బతికిన నేల

ఆయన తిరిగిన ఆ నేల గుర్రానికి పెట్టింది పేరు. క్రీస్తుశకం 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి ముస్లిం సైన్యాలు స్పెయిన్‌లో ప్రవేశించాయి. దక్షిణ ప్రాంతంలో వారి పాలన ఏదో ఒక రూపంలో 1492 దాకా సాగింది. ఆఫ్రికా నుంచి వచ్చిన జెనాటా తెగ రౌతులు రికాబులు పొట్టిగా కట్టుకుని, మోకాళ్ళు మడిచి, తేలిగ్గా, వేగంగా స్వారీ చేసేవారు. ఉత్తరాది క్రైస్తవ వీరులు బరువైన కవచాలతో, పొడవాటి రికాబుల్లో కాళ్ళు చాపి కూర్చునేవారు. ఎన్నో యుద్ధాల్లో దెబ్బలు తిన్న మీదట క్రైస్తవులూ ఆ పొట్టి రికాబుల విద్య నేర్చుకున్నారు. నేటికీ స్పానిష్ భాషలో రౌతును హినేతే అంటారు. అది ఆ తెగ పేరు నుంచి వచ్చిన మాటే. శత్రువు పేరు సొంత భాషలో గౌరవపదమై కూర్చుందన్నమాట.

ఇర్వింగ్ చూసిన పట్టణాలన్నిటిలోనూ గుర్రం జాడ వుంది. కార్డోబాలో రెండవ ఫిలిప్ రాజు 1570 ప్రాంతాన కట్టించిన రాజాశ్వశాలలు వున్నాయి. ఆండలూషియన్ జాతి గుర్రాన్ని మేలుచేయడంలో వాటికి పెద్ద పాత్ర వుంది. సెవిల్‌లోనూ, రోండాలోనూ యువకులకు స్వారీ నేర్పడానికి ప్రభువంశాలవారు పెట్టుకున్న సంఘాలు వున్నాయి. సెవిల్ సంఘం 1670 నాటిది. లోతైన కొండచీలిక అంచున నిలిచిన రోండా పట్టణంలో ఆ సంఘమే కట్టించిన ఎద్దుల పోరు ప్రాంగణం 1785లో పూర్తయింది.

పొలాల్లో గుర్రానికి మరో ఉద్యోగం. ఎద్దుల మందల్ని కాచే రౌతులు గర్రోచా అనే పొడవాటి కర్ర ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తోనే కళ్ళెం ఆడిస్తూ గుర్రాన్ని అప్పటికప్పుడు తిప్పుతారు, నిలుపుతారు, వెనక్కు నడిపిస్తారు. నేడు ప్రదర్శనల్లో చూసి మనం చప్పట్లు కొట్టే విద్య మొదట పశువుల కాపరి పనే. ఆ మాట తెలిసినప్పుడు నాకు ఎందుకో గర్వమనిపించింది.

జంతుశాస్త్ర విద్యార్థిగా ఇంకొక్క మాట. ఆండలూషియన్ గుర్రం అనగానే మనకు బొమ్మల్లో తెల్లగుర్రం కనిపిస్తుంది. నిజానికి వాటిలో చాలా భాగం పుట్టినప్పుడు నల్లగానో గోధుమరంగులోనో వుంటాయి. ఒక జన్యువు కారణంగా ఏళ్ళు గడిచేకొద్దీ వెంట్రుకలు మాత్రం నెరిసి తెల్లబడతాయి. చర్మం కింద నల్లగానే వుంటుంది. మనుషుల జుట్టు నెరిసినట్లే అనుకోండి, కాకపోతే చిన్న వయసులోనే మొదలవుతుంది.

సెవిల్ నుంచి గ్రనడాకు

సెవిల్‌లో ఇర్వింగ్ ఏడాది పైగా వున్నాడు. అమెరికా ఖండాలకు సంబంధించిన ప్రభుత్వ పత్రాలు భద్రపరచిన భాండాగారం అక్కడే వుంది. 1828 ఆగస్టులో కొలంబస్ ఓడలు బయలుదేరిన పాలోస్ రేవు కూడా వెళ్ళి చూశాడు. 1829లో గ్రనడా యుద్ధాన్ని గురించిన పుస్తకం ప్రచురించాడు. ఆ ఏడు మే 1న, రష్యా దౌత్య కార్యాలయంలో పనిచేసే డోల్గొరూకీ అనే యువరాజు తోడుగా, మళ్ళీ గ్రనడాకు గుర్రాల మీద బయలుదేరాడు. అప్పటికి ఆయన వయసు నలభై ఆరు.

దూరం సుమారు 250 కిలోమీటర్లు. బస్సులో ఐతే మూడు, నాలుగు గంటలు. వాళ్ళకు రోజులు పట్టింది. ఇద్దరికీ రెండు గట్టి గుర్రాలు. మూడో గుర్రం మీద సామానూ, దానితోపాటు బిస్కే ప్రాంతం నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రవాడూ. డాన్ క్విక్సోట్ నవలలోని సేవకుడి పేరే అతనికి పెట్టి సాంచో అని పిలుచుకున్నారు. దారిలో బందిపోట్ల భయం ఎక్కువ. అందుకని విలువైన సామాను ముందుగానే కంచరగాడిదల వాళ్ళతో పంపించేశారు. దారి ఖర్చులతోపాటు దొంగలు ఎదురైతే వాళ్ళ చేతిలో పెట్టడానికని కొంత డబ్బు విడిగా మూటకట్టుకున్నారు. వట్టి చేతులతో దొరికితే దొంగకు కోపం వస్తుందట! మన పాత బాటసారుల తెలివీ ఇలాంటిదే కదా అనుకున్నాను.

మొదట అల్కలా. సెవిల్ నగరానికి రొట్టెలు కాల్చి పంపించే ఊరది. రాత్రి మజిలీ అరహాల్. అక్కడి సత్రంలో ఊరివాళ్ళు గిటార్లతో చేరి ఆటపాటలు సాగించారు. తర్వాత ఒసునా. ఆ పైన అంటెకేరా. అంటెకేరా దాటాక మైదానంలో ఒంటరిగా నిలిచిన పెద్ద కొండ కనిపిస్తుంది. వేర్వేరు మతాలకు చెందిన ప్రేమికులిద్దరు తరుముకొచ్చినవాళ్ళకు చిక్కకుండా దాని మీద నుంచి దూకి ప్రాణాలు వదిలారని కథ. అందువల్ల దానికి ప్రేమికుల కొండ అని పేరు. అదే అంటెకేరా దగ్గర వేల సంవత్సరాల నాటి పెద్దరాళ్ళ సమాధులు వున్నాయి. వాటితోపాటు ఆ కొండను కూడా యునెస్కో 2016లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అక్కడి నుంచి ఆర్చిడోనా, లోహా, చివరకు గ్రనడా మైదానం.

ఆ దారి పొడుగునా ఇర్వింగ్ చూసింది కోటలూ చర్చీలూ మాత్రమే కాదు. పెరికె సంచులు వేసుకుని బారులు తీరి నడిచే కంచరగాడిదలు, వాటి మెడల్లో గంటలు, వాటిని తోలుతూ పాత పాటలు పాడుకునే మనుషులు, చెట్టుకింద సాంచో సంచిలోంచి తీసి పరిచే రొట్టే, తోలుతిత్తిలోని ద్రాక్షసారా, వాటి పక్కనే కబుర్లు. గుర్రం మీద వెళ్ళేవాడు నిదానంగా వెళ్తాడు. గుర్రానికి దాణా పెట్టాలి, నీళ్ళు పట్టాలి, లాడం వూడితే ఆగాలి. ఆగిన ప్రతిచోటా మనిషితో మాట్లాడక తప్పదు. ఆయన పుస్తకంలోని జీవమంతా ఆ ఆగడంలోంచి వచ్చిందని నా నమ్మకం.

కోటలో కాపురం

గ్రనడాకు ఎదురుగా కొండమీద వున్నది అల్‌హంబ్రా కోట. నస్రీద్ వంశపు ముస్లిం రాజులు పదమూడవ శతాబ్దం నుంచి కట్టుకుంటూ వచ్చిన రాజప్రాసాదాలవి. 1492 జనవరి 2న ఆఖరి రాజు బోఅబ్దిల్ ఆ నగరాన్ని ఇసబెల్లా, ఫెర్డినాండ్‌లకు అప్పగించాడు. తర్వాతి శతాబ్దాల్లో కోట మెల్లగా పాడుబడింది. నెపోలియన్ సైన్యాలు అందులో విడిదిచేసి, 1812లో వెళ్ళిపోతూ కొన్ని బురుజుల్ని మందుగుండుతో పేల్చివేశాయి. అదే సైన్యం కొన్ని కప్పులు బాగుచేయించి భవనాలను కాపాడిందని కూడా ఇర్వింగ్ రాశాడు. మంచినీ చెడునీ రెండిటినీ చెప్పడం నాకు నచ్చింది.

1829లో ఆయన వెళ్ళేసరికి రాజుల మందిరాల చుట్టూ పేదవాళ్ళ కాపురాలున్నాయి. అవిటి సైనికులు, నేతగాళ్ళు, బతుకుతెరువు లేని సంసారాలు. కోట గవర్నరు తాను నగరంలో వుంటూ తన గదుల్ని ఇర్వింగ్‌కు ఇచ్చాడు. యువరాజు కొద్దిరోజులకు వెళ్ళిపోయాడు. ఇర్వింగ్ ఒక్కడే మిగిలాడు. కోటను చూసుకునే ఆంటోనియా అత్త వండిపెట్టేది. మేనగోడలు డొలోరెస్ ఇల్లు చక్కబెట్టేది. తాత ముత్తాతల నాటి నుంచీ కోటలోనే బతుకుతున్న మాటియో అనే చిరుగు బట్టల మనిషి వెంట తిరిగి కథలన్నీ చెప్పేవాడు. తర్వాత ఇర్వింగ్ నిమ్మచెట్ల తోట పక్కన ఎవరూ వుండని పాత గదుల్లోకి మారాడు. మొదటి రాత్రులు భయపడ్డాడట. గబ్బిలాలూ, చీకటి నడవలూ మరి!

అక్కడ ఆయన చూసిన వింతల్లో ఒకటి నన్ను బాగా నవ్వించింది. కోటలోని కుర్రాళ్ళు బురుజుల మీద నిలబడి గాలాలకు ఈగలు గుచ్చి గాలిలోకి విసిరేవారు. చేపలకు కాదు, చుట్టూ తిరిగే పిచ్చుకజాతి పక్షులకు! పస్తులుండే ఇంట్లో పిల్లవాడు కనిపెట్టే వేట అలాగే వుంటుంది.

రైతుబిడ్డగా నన్ను పట్టుకున్నది అక్కడి నీరు. అల్‌హంబ్రా ఎత్తైన కొండమీద వుంది. దానికి నీళ్ళు ఎలా ఎక్కాయి? పదమూడవ శతాబ్దంలో మొదటి ముహమ్మద్ రాజు డారో నదికి ఎగువన ఆనకట్ట వేయించి, కొండ వాలు వెంట సుమారు 6 కిలోమీటర్ల కాలువ తవ్వించాడు. మోటరు లేదు, ఏతం లేదు. వాలు లెక్క తప్పకుండా నీళ్ళు తమంతట తామే నడిచి వచ్చి తోటల్లో, చలువరాతి తొట్లలో పడతాయి. కింది మైదానం వేగా. పక్కనే దాదాపు 3,480 మీటర్ల ఎత్తున్న సియెర్రా నెవాడా మంచు కరిగి ఆ పొలాలను తడుపుతుంది. కాలువ చివరి చేలకు వంతు నీళ్ళు రాక రాత్రుళ్ళు గట్ల మీద కాపలా కాసిన ఇంటివాణ్ణి నేను. ఆ పాత ఇంజనీర్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఇర్వింగ్ ఆఖరి రాజు బోఅబ్దిల్ మీద ప్రత్యేకంగా మనసు పెట్టాడు. ఆయన్ను క్రూరుడిగా చూపించే పాత కథలు నిరాధారమని వాదించాడు. నగరం అప్పగించి రాజు ఏ ద్వారం గుండా బయటికి వెళ్ళాడో అడిగి తెలుసుకున్నాడు. ఆపైన తాను గుర్రమెక్కి అదే దారిన వెళ్ళాడు. రాజు చివరిసారి వెనుదిరిగి గ్రనడాను చూసి నిట్టూర్చాడని చెప్పే కొండమలుపు దాకా వెళ్ళి, తానూ అక్కడ నిలబడి చూశాడు. ఓడిపోయినవాడి వైపు నిలబడడం ఓడిపోయిన మనిషికే వచ్చు కాబోలు.

ఆ ఏడు జూలై నెలాఖరున లండన్‌లోని అమెరికా దౌత్య కార్యాలయంలో కార్యదర్శి పదవి వచ్చి ఆయన కోట విడిచాడు. వున్నది మూడు నెలల లోపే. ఆ మూడు నెలల ఫలం 1832లో వెలువడిన అల్‌హంబ్రా కథల పుస్తకం. దాన్ని చదివి యూరప్ నుంచీ అమెరికా నుంచీ యాత్రికులు గ్రనడా దారిపట్టారు. స్పెయిన్ ప్రభుత్వం 1870లో అల్‌హంబ్రాను జాతీయ స్మారకంగా ప్రకటించింది. 1984లో యునెస్కో జాబితాకెక్కింది. ఇప్పుడు ఏటా ఇరవై లక్షలకు పైగా జనం చూస్తున్నారు. అదంతా ఒక్క పుస్తకం వల్లనే అనను. కాని దానిలో పెద్ద పాలు దానిదే.

నా తగాదా

ఇక తగాదా సంగతి. కొలంబస్ కాలంలో అందరూ భూమి బల్లపరుపుగా వుందనుకునేవారనీ, గుండ్రంగా వుందని చెప్పిన కొలంబస్‌ను పండితులు ఎగతాళి చేశారనీ నేను చిన్నప్పుడు విన్నాను. నిజమనే నమ్మాను. వక్తృత్వ పోటీలో చెప్పి బహుమతి కూడా పుచ్చుకున్నాను. డిగ్రీలోకి వచ్చి చదివితే అది తప్పని తెలిసింది. ఆ తప్పు జనంలో పాకడానికి ముఖ్యకారణాల్లో ఒకటి ఇర్వింగ్ రాసిన ఆ 1828 నాటి కొలంబస్ చరిత్రేనట!

సలమాంకా నగరంలో పండితుల సభ ముందు కొలంబస్ ఒంటరిగా నిలబడ్డట్టు, మతగ్రంథాలు చూపించి వాళ్ళు భూమి గుండ్రనిదన్న మాటనే కాదన్నట్టు ఇర్వింగ్ రక్తి కట్టించి రాశాడు. అసలు సంగతి వేరు. భూమి గుండ్రనిదని చదువుకున్నవాళ్ళకు ఆనాటికే తెలుసు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలోనే ఎరటోస్తనీస్ నీడల్ని కొలిచి భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. మన ఆర్యభటుడు క్రీస్తుశకం 499 నాటికే భూగోళం అని రాశాడు. స్పెయిన్ పండితుల అభ్యంతరం దూరం గురించి. కానరీ దీవుల నుంచి పడమరగా జపాన్‌కు సుమారు 4,400 కిలోమీటర్లేనని కొలంబస్ అంచనా. నిజమైన దూరం 19,000 కిలోమీటర్లకు పైమాటే. లెక్కలో పండితులదే ఒప్పు, కొలంబస్‌దే తప్పు. మధ్యలో ఎవరూ ఎరగని ఖండం అడ్డుపడబట్టి ఆయనా, ఆయన నావికులూ బతికిపోయారు.

గ్రనడా యుద్ధ చరిత్రలోనూ ఇర్వింగ్ ఇటువంటి పనే చేశాడు. లేని సన్యాసిని ఒకణ్ణి కల్పించి అతని రాతప్రతి నుంచి తీసుకున్నట్టు రాశాడు. అల్‌హంబ్రా పుస్తకంలోనూ మాయగుర్రాలు, పాతరలు, మంత్రగాళ్ళు బోలెడుమంది వున్నారు. కాని వాటితో నాకు తగాదా లేదు. అవి మాటియో చెప్పిన కథలు, కథలుగానే ఇచ్చాడు. కథను కథగా చెబితే ఎవరికీ నష్టం లేదు. కథను చరిత్రగా చెబితే రెండు వందల ఏళ్ళ తర్వాత, సముద్రాలకు ఇవతల, ఒక రైతు కుర్రవాడు వేదిక మీద నిలబడి అబద్ధం చెప్పి బహుమతి తెచ్చుకుంటాడు. ఆ కప్పు ఇంకా మా ఇంటి గూట్లోనే వుంది. చూసినప్పుడల్లా కాస్త సిగ్గేస్తుంది.

ఐనా కొలంబస్‌తో మాకూ చుట్టరికం వుంది. గ్రనడా పక్కనే శాంతా ఫే అనే ఊరు, ముట్టడి కోసం కట్టిన శిబిరమే ఊరైంది. 1492 ఏప్రిల్ 17న కొలంబస్‌కూ రాజదంపతులకూ ఒప్పందం జరిగింది అక్కడే. ఆ యాత్రల ఫలితంగా అమెరికా ఖండాల మిరపకాయ యూరప్ చేరింది. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశం చేరింది. మా పొలంలో ఏటేటా వేసే మిరపకు తొలి దారి ఆ చిన్న ఊళ్ళో సంతకాలతో తెరుచుకుందంటే మా నాన్న నమ్మలేదు.

చివరి రోజులు

1832లో, పదిహేడేళ్ళ తర్వాత ఇర్వింగ్ అమెరికా తిరిగి వచ్చాడు. తన కథలోని రిప్ వాన్ వింకిల్ గతే తనకూ పట్టింది. చూస్తే దేశం గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. ఆ ఏడాదే గుర్రమెక్కి పశ్చిమాన నేటి ఓక్లహోమా ప్రాంతపు గడ్డిమైదానాల్లో సైనికులతో కలిసి తిరిగాడు. అక్కడ అడవిగుర్రాల మందలు కనిపించాయి. అవి స్పెయిన్ గుర్రాల సంతతి! జీవపరిణామంలో గుర్రం పుట్టిందే అమెరికాలో. సుమారు పదివేల ఏళ్ళ క్రితం అక్కడ అంతరించింది. 1493లో కొలంబస్ రెండవ యాత్రలో స్పెయిన్ గుర్రాలు మళ్ళీ ఆ వైపు దిగాయి. వాటి పిల్లల పిల్లలే తప్పించుకుని అడవి పట్టాయి. సినిమాల్లో మనం చూసే కౌబాయ్‌ల లాసో, రోడియో, మస్టాంగ్ అన్న మాటలన్నీ స్పానిష్ భాష నుంచి వచ్చినవే. ఆండలూషియా కాపరి విద్య సముద్రం దాటి అక్కడ మళ్ళీ మొలకెత్తింది. రెండు చోట్లా గుర్రం మీద తిరిగి చూసిన రచయిత ఇర్వింగ్.

1842లో ప్రెసిడెంటు జాన్ టైలర్ ఆయన్ను స్పెయిన్‌కు రాయబారిగా పంపించాడు. అప్పుడు స్పెయిన్ రాణి రెండవ ఇసబెల్లా పన్నెండేళ్ళ పిల్ల. దేశం తిరుగుబాట్లతో అట్టుడుకుతోంది. ఇర్వింగ్ ఆరోగ్యం కూడా దెబ్బతింది. 1846లో పదవి విడిచి ఇంటికి చేరాడు. ఆ మరుసటి ఏడు, 1847 ఏప్రిల్‌లో, సెవిల్‌లో ఒక పశువుల సంత మొదలైంది. నేడు రంగుల దీపాలతో, అలంకరించిన గుర్రాల ఊరేగింపుతో లోకమంతా ఎరిగిన సెవిల్ తిరనాళ్ళు అదే. పుట్టుకతో అది మన ఎడ్ల సంత వంటిది. హెరెజ్ పట్టణంలో 1973లో స్థాపించిన అశ్వవిద్యా పాఠశాలలో గుర్రాలు సంగీతానికి అనుగుణంగా అడుగులు వేస్తాయి.

హడ్సన్ తీరంలోని సన్నీసైడ్ అనే తన ఇంట్లో ఇర్వింగ్ చివరి శక్తినంతా కూడగట్టుకుని జార్జి వాషింగ్టన్ జీవితచరిత్రను అయిదు సంపుటాలుగా రాశాడు. ఆఖరి సంపుటం వెలువడిన 1859లోనే, నవంబర్ 28న, డెబ్భై ఆరవ ఏట కన్నుమూశాడు. స్లీపీ హాలో శ్మశానంలో ఆయన సమాధి వుంది. గ్రనడావాళ్ళూ ఆయన్ను మరవలేదు. ఆయన వున్న గదులకు పలక పెట్టారు. 2009లో, చనిపోయి నూట యాభై ఏళ్ళైన సందర్భంగా, అల్‌హంబ్రా చెట్లనీడలో విగ్రహం నిలబెట్టారు. సెవిల్ నుంచి గ్రనడాకు ఆయన వెళ్ళిన బాటకు ఆయన పేరే పెట్టుకున్నారు.

మిత్రులారా! ఇంత దూరపు మనిషి కథ మన సంచికలో ఎందుకని అడగవచ్చు. మా తాతయ్య వయసులో వున్నప్పుడు ఎడ్ల సంతలకు రాత్రింబవళ్ళు నడిచి వెళ్ళేవాడు. ఏ ఊరి బావి నీళ్ళు తియ్యనివో, ఏ వాగు దగ్గర దొంగలు కాపు కాసేవారో, మా ఊరి పక్క గుట్టమీద కూలిన బురుజు ఎవరిదో అన్నీ చెప్పేవాడు. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు వింటూనే వున్నాను. ప్రాక్టికల్ రికార్డులు పుటలకు పుటలు నింపాను గాని ఆయన మాట ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు. నిరుడు సంక్రాంతికి ముందు ఆయన పోయాడు. బురుజు వుంది, అది ఎవరిదో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు.

ఇర్వింగ్ మాటియో వెంట తిరిగింది మూడు నెలల లోపే. వినడం, రాసుకోవడం, ఇవే ఆయన చేసిన పనులు. ఈ వేసవి సెలవుల్లో మనలో ప్రతి ఒక్కరూ తమ ఊళ్ళో ఒక ముసలాయన దగ్గరో, ముసలమ్మ దగ్గరో నోటుపుస్తకంతో కూర్చుంటే బాగుంటుంది. కథ ఐతే కథ అని రాద్దాం. నిజమైతే కొలిచి, అడిగి, సరిచూసి నిజమని రాద్దాం. నేను మా ఊళ్ళో ఇంకా మిగిలిన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళబోతున్నాను.